ఉత్తరం మోసిన చేతులు, ఉత్తరం రాసిన చేతులు

తెలుగులో ఉత్తరాల ప్రస్తావన రాగానే 'లేఖాసాహిత్యం' అనే మాట ముందుకొస్తుంది. గురజాడ ఒంగోలు మునిసుబ్రహ్మణ్యానికి రాసినవి, చలం చింతా దీక్షితులుకు రాసినవి, సంజీవదేవ్ తన మిత్రులకు రాసినవి ఉదాహరణలుగా చూపిస్తారు. అవి విలువైనవే, కాదనము. కానీ ఆ జాబితా వెనక ఒక ఊహ ఉంది. ఉత్తరం అంటే చదువూ తీరికా ఉన్న ఇద్దరు మనుషుల మధ్య నడిచే సంభాషణ అనీ, ఇద్దరికీ చిరునామా ఉంటుందనీ, డబ్బాలో వేసింది అవతలివాళ్ళకు తప్పక ముడుతుందనీ ఆ ఊహ. చదువు లేదు, ఊరి లోపల చిరునామా లేదు, ముడుతుందన్న భరోసా అసలే లేదు - అట్లాంటి జనానికి ఉత్తరంతో ఏం సంబంధం ఉండింది? ఈ ప్రశ్నతో ఉత్తరం చరిత్రను మళ్ళీ చూడవలసి ఉంటుందని మేము అనుకుంటున్నాం.

మా వాదన సూటిగా చెప్తాం. దళితులకు ఉత్తరం మొదట ఒక సాక్ష్యం, తర్వాతే సాహిత్యం. ఉత్తరం ఎవరు రాశారన్న దానితోపాటు అది ఎవరి చేతికి ముట్టింది, దాని నకలు ఎవరి దగ్గర మిగిలింది అన్నవి మన బతుకులను నిర్ణయించాయి. ఇయ్యాల సంగారెడ్డి, పటాన్‌చెరు కార్ఖానాల గేట్ల దగ్గర కూడా అవే నిర్ణయిస్తున్నాయి.

మోసినవాళ్ళు

నిజాం పాలనలోని తెలంగాణ ఊళ్ళలో వెట్టి ఎట్లా నడిచిందో పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో వెలువరించిన పుస్తకంలో వివరంగా నమోదు చేశారు. దళిత కుటుంబాలు వంతులవారీగా మనిషిని పంపాలి. ఆ మనిషి పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్‌ల ఇండ్లల్లో పని చెయ్యాలి, చావడికి కాపలా ఉండాలి. దానితోపాటు పోలీసు ఠాణాకూ తహశీలు కచ్చేరికీ కాయితాలు మోసుకపోవాలి. అంటే ఊరికీ సర్కారుకూ మధ్య నడిచిన రాతకోతలన్నీ మన తాతల నెత్తి మీదుగానే పోయినయి. శిస్తు బాకీల లెక్కలు పోయినయి. ఫలానావాడు దొంగ అన్న ఫిర్యాదు పోయింది. ఫలానా భూమి ఫలానా దొర పేర చేర్చిన పహాణీ కూడా పోయింది. మోసినవానికి అందులో ఏం రాసి ఉందో తెలియదు. తన భూమి తన చేతుల మీదుగానే ఇంకొకరి పేరుకు పోతున్నా మోసినవానికి తెలిసే వీలు లేదు.

నోటి కబుర్లు మోసింది కూడా మనవాళ్ళే. పెద్ద కులపోళ్ళ ఇంట్లో ఎవరన్నా చనిపోతే చుట్టుపక్కల ఊళ్ళకు చావు కబురు తీసుకపోవటం, సర్కారు హుకుం వస్తే డప్పు కొట్టి చాటటం మాలమాదిగల మీద పెట్టిన పనులు. కబురు చేరవేయటం ఒక వృత్తి అనుకుంటే ఈ దేశపు తొలి తపాలా ఉద్యోగులు మనవాళ్ళే. కాకపోతే జీతం లేదు, మోసేదాని మీద హక్కు లేదు. కాయితం మోసే పని ఒక కులానిది, దాన్ని రాసి, చదివి, దాచిపెట్టే అధికారం ఇంకో కులానిది. ఉత్తరం గురించి ఏ చర్చ చేసినా ఈ విభజన దగ్గర మొదలుపెట్టాలి.

చిరునామాలో కులం

బ్రిటిష్ ఇండియాలో పోస్టుకార్డు 1879 జులై 1న వచ్చింది. ధర కాణీ, అంటే అణాలో నాలుగో వంతు. నిజాం రాజ్యానికి 1950 దాకా తన సొంత తపాలా ఉండేది, దాని బిళ్ళల మీద తెలుగు అక్షరాలు కూడా ఉండేవి. ఇన్లాండు కవరు 1950 అక్టోబరు 2న, పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చాయి. కాయితం చవక అయింది, రాష్ట్రం దాటి పోయింది. పేదవాడు కూడా ఉత్తరం రాసుకోగల రోజు వచ్చిందని చరిత్ర పుస్తకాలు చెప్తాయి.

అయితే పోస్టాఫీసు ఎక్కడుంది? దళితులు పల్లెల్లో ప్రభుత్వ కార్యాలయాలకు, దారులకు, బావులకు అందరిలాగే పోవచ్చునని చెప్పటానికి 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టవలసి వచ్చింది. అంటే అంతకు ముందు ఆఫీసు గడప తొక్కటమే గొడవ. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఊరి బ్రాంచి పోస్టాఫీసు ఎక్కువ చోట్ల పోస్టుమాస్టరు ఇంటి అరుగు మీదనే నడిచింది. ఇది యాదృచ్ఛికం కాదు. ఆ ఉద్యోగం కావాలంటే బతకటానికి వేరే ఆదాయం ఉండాలనీ, ఆఫీసు నడపటానికి తానే చోటు చూపించాలనీ నిబంధన. ఆస్తీ, ఊరి నడుమ ఇల్లూ ఉన్నవానికే పోస్టుమాస్టరు గిరి దక్కుతుంది. కులం పేరు ఎక్కడా రాయకుండానే ఒక నిబంధన కులాన్ని ఎట్లా కాపాడుతుందో విద్యార్థులకు చెప్పటానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు.

ఇక పోస్టుమాన్ సంగతి. 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలను పరిశీలించి, 2006లో పుస్తకంగా వచ్చిన అంటరానితనం సర్వేలో ఒక అంకె ఉంది. 23.5 శాతం గ్రామాల్లో దళితుల ఇండ్లకు ఉత్తరాలు అందించటం లేదని ఆ సర్వే తేల్చింది. నాలుగు ఊళ్ళలో దాదాపు ఒక ఊరు. ఉత్తరం వాడ మొదట్లోనో, హోటలు దగ్గరనో ఆగిపోతుంది. ఎవరో పిలగాని చేతికి ఇచ్చి పంపుతారు. అది ముడితే ముట్టినట్టు, లేకుంటే లేదు. ఉద్యోగం పిలుపు ఇంటర్వ్యూ తేదీ దాటినంక చేతికి రావటం మన వాడల్లో పాత కథే. ఎంప్లాయిమెంటు ఎక్స్చేంజి పంపిన పేర్లకే పిలుపులు పంపితే సరిపోదు, పత్రికల్లో కూడా ప్రకటించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కేసులోనే. ఒక ఉత్తరం రాకపోవటం ఒక తరం ఉపాధిని ఎట్లా మింగుతుందో ఆ కేసు నేపథ్యంలో ఆలోచించాలి.

చిరునామా కూడా కులాన్ని మోస్తుంది. మాలవాడ, మాదిగవాడ, హరిజనవాడ, ఎస్సీ కాలనీ అని రాస్తేనే కార్డు చేరేది. దారి పొడుగునా దాన్ని చూసినవాళ్ళందరికీ ఆ మనిషి కులం తెలిసిపోయేది. ఊరూరా అంబేద్కర్ నగర్‌లు వెలిసిన తర్వాత ఆ గీత మీద మన పేరు మనం రాసుకున్నాం. పేరు మార్పు ఉత్త ఉద్వేగం అనుకునేవాళ్ళు చిరునామా గీత చదవని వాళ్ళు.

ముట్టని ఉత్తరం, దాచిన ఉత్తరం

అంబేద్కర్ తన అనుభవాలను రాసుకున్న 'వీసా కోసం నిరీక్షణ'లో మొదటి సంఘటన ఒక ఉత్తరానిదే. అది 1901. ఆయనకు అప్పటికి తొమ్మిది, పదేళ్ళ వయసు. తండ్రి కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పిల్లలు తాము వస్తున్నామని సతారా నుంచి ముందే ఉత్తరం రాసి రైలెక్కారు. మసూర్ స్టేషనులో దిగితే తీసుకపోవటానికి ఎవరూ రాలేదు. మహార్ పిల్లలని తెలిసినంక బండివాళ్ళు ఎక్కించుకోలేదు. చివరికి రెండింతల కిరాయికి ఒప్పుకున్న ఒక బండిని పిల్లలే తోలుకోవలసి వచ్చింది. రాత్రంతా తాగటానికి నీళ్ళు దొరకలేదు. తర్వాత తెలిసింది ఏమంటే, ఉత్తరం వచ్చింది. తండ్రి దగ్గరి నౌకరు దాన్ని ఆయన చేతికి ఇవ్వటం మరిచాడు. సవర్ణుల పిల్లలకు అయితే ముట్టని ఉత్తరం ఒక చిన్న ఇబ్బంది. అంటరాని పిల్లలకు అది ప్రాణం మీదికి తెచ్చింది. పొరపాటు ఒక్కటే అయినా దాని ఖరీదు కులాన్ని బట్టి మారింది.

అదే మనిషి పెద్దయినంక ఉత్తరాలను ఎట్లా వాడుకున్నాడో చూడండి. 1936లో లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ ఆయనను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ఉపన్యాసంలోని అభిప్రాయాలకు జడిసి, మార్పులు చెయ్యమని అడిగింది. ఆయన ఒప్పుకోలేదు, సభ రద్దయింది. అంబేద్కర్ ఊరుకోలేదు. 'కుల నిర్మూలన'ను తన ఖర్చుతో 1500 ప్రతులు అచ్చువేయించి, మండల్‌కూ తనకూ మధ్య నడిచిన ఉత్తరాలను ముందుమాటలో తేదీలతో సహా పెట్టాడు. సభను ఎవరు రద్దు చేశారు, ఎందుకు చేశారు అన్నది ఈరోజుకు కూడా ఎవరూ తిప్పి చెప్పలేరు. కారణం, ఆయన ఉత్తరాలు దాచాడు. 1946లో ఆయన అమెరికాలోని నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. నల్లజాతి ప్రజలు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన అర్జీ నకళ్ళు పంపించమని అడిగాడు. జులై 31న డుబాయిస్ జవాబు రాశాడు. రెండు ఖండాల అణగారిన జనం ఒకరినొకరు పలకరించుకున్నది కూడా ఒక నకలు కోసమే.

ఆడవాళ్ళ ఉత్తరాలను మరచిపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. సావిత్రిబాయి ఫూలే జోతిబాకు రాసినవి 1856, 1868, 1877 నాటివి మూడు ఉత్తరాలు మనకు మిగిలాయి. భార్య భర్తకు రాసిన ఉత్తరం అనగానే మనం విరహం వెతుకుతాం. సావిత్రిబాయి 1868 ఉత్తరంలో ఉన్నది వేరే. ఒక బ్రాహ్మణ యువకుడూ, అతని వల్ల గర్భవతి అయిన ఒక మహార్ అమ్మాయీ - వాళ్ళిద్దరినీ చంపటానికి ఊరు తీసుకపోతుంటే తాను అడ్డంపడి ఎట్లా కాపాడిందో చెప్పింది. 1877 ఉత్తరం కరువు గురించి. ఇవి సొంత ఉత్తరాలే, అదే సమయంలో క్షేత్ర నివేదికలు కూడా. 1885లో మరాఠీ గ్రంథకర్తల సభకు రమ్మని రానడే పిలిస్తే, రానని జోతిరావు రాసిన జవాబు కూడా ఒక ఉత్తరమే. శూద్రాతిశూద్రుల బాధ పట్టని సాహిత్య సభతో తమకు పొత్తు కుదరదని ఆయన తేల్చాడు. మన సాహిత్య విమర్శ ఆ ఉత్తరంతో మొదలైందని చెప్పవచ్చు.

గబ్బిలమూ అర్జీలూ

తెలుగు దళిత సాహిత్యానికి వస్తే, మొదటి గొప్ప ఉత్తరం కాయితం మీద రాసింది కాదు. గుర్రం జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపితే, జాషువా అరుంధతీసుతుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి కబురు పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? ఆ ప్రాణి గుళ్ళో తలకిందులుగా వేలాడుతుంది, దాన్ని ఎవరూ బయటికి గెంటరు. మనిషికి లేని ప్రవేశం దానికి ఉంది. దీన్ని కవిసమయంగానే చదివితే చాలదు. అర్జీ నేరుగా ఇయ్యలేనివాడు, కచ్చేరి లోపలికి పోగలిగినవాణ్ణి వెతుక్కునే మన నిత్యానుభవం అందులో ఉంది. వెట్టిలో అందరి కబుర్లూ మోసిన కులంవాడు తన సొంత కబురు మోసేందుకు ఒకరిని వెతుక్కోవటం ఇందులోని అసలు తిరుగుబాటు అని మా అభిప్రాయం.

హైదరాబాదు రాజ్యంలో అదే కాలంలో ఇంకో రకం ఉత్తరం తయారయింది. 1906లో జగన్మిత్ర మండలితో పని మొదలుపెట్టిన భాగ్యరెడ్డివర్మ, ఆయన సహచరులూ సర్కారుకు విజ్ఞాపనలు పెట్టటాన్ని ఒక ఉద్యమరూపంగా మార్చారు. తమను అవమానపు పేర్లతో కాకుండా ఆదిహిందువులుగా లెక్కించాలని అడిగి, 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కించుకున్నారు. అప్పటిదాకా అర్జీ అంటే 'మహారాజశ్రీ', 'తమ దయగల సముఖమునకు', 'నీ బాంచెన్' అనే భాష. దయ అడిగే ఆ రూపంలోనే వాళ్ళు హక్కు అడిగారు. కాయితం మీద మర్యాద మాటలు అట్లనే ఉన్నా అడిగేవాని నడుము మాత్రం వంగలేదు.

కేరాఫ్ పటాన్‌చెరు

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. సంగారెడ్డి 2016 అక్టోబరు 11న సొంత జిల్లా అయింది, అంతకు ముందు మెదక్ జిల్లా కేంద్రం. హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డు మీద రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో వచ్చిన ఇక్రిశాట్, 1970ల నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడ, తర్వాత బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, బొంతపల్లి. చుట్టుపక్కల ఊళ్ళ దళితులకు ఈ కార్ఖానాలు రెండు రకాల ఉత్తరాలు తెచ్చాయి.

మొదటిది నోటీసు. ఇది మనం రాయని, మన పేరున వచ్చే ఉత్తరం. లావుణి పట్టా కింద దళితులకు ఇచ్చిన భూమిని పరిశ్రమకు తిరిగి తీసుకునేటప్పుడు వస్తుంది. భాష అర్థం కాదు, గడువు మాత్రం గట్టిగా ఉంటుంది. అసైన్డు భూమి సర్కారుదే కాబట్టి పట్టాదారులకు ఇచ్చినంత పరిహారం ఇవ్వనక్కర లేదన్నది చాలాకాలం చెల్లిన వాదన. 2004లో చేవెళ్ళ డివిజన్ భూసేకరణ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. అసైన్డుదారులకు కూడా పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. నోటీసు కవరు దాచుకున్నవాళ్ళు దాన్ని పట్టుకుని పోగలిగారు. పారేసుకున్నవాళ్ళు తాము ఆ భూమి దున్నామని రుజువు చేసుకోవటానికే తిరగవలసి వచ్చింది.

రెండోది ఇంటికి రాసే ఉత్తరం. పని కోసం వచ్చినవాళ్ళు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్‌ల నుంచీ, ఇటు జహీరాబాదు, నారాయణఖేడ్, బీదరు దిక్కు ఊళ్ళ నుంచీ వచ్చారు. పటాన్‌చెరు 502319 అన్న అంకెలో కులం లేదు. ఊరి వాడ పేరు లేని చిరునామా చాలామందికి జీవితంలో మొదటిసారి ఇక్కడే దొరికింది. కానీ దాని పైన 'కేరాఫ్' అని ఒక మాట ఉండేది. ఇంటి ఓనరు కేరాఫ్, కిరాణం సేటు కేరాఫ్, లేబరు కంట్రాక్టరు కేరాఫ్. గది మారితే చిరునామా పోతుంది, కంట్రాక్టరుతో గొడవైతే ఉత్తరమే రాదు. కులం లేని చిరునామా దొరికింది గానీ అది సొంతం కాలేదు.

ఈ ఉత్తరాలు రాసిందెవరు? మా తరంలో వాడకు మొదట చదువుకున్న పిల్లలు వాడకంతా రాయసగాళ్ళు. అయిదో తరగతి పిల్లకు ఎదురుంగ కూసోని ఒక తల్లి చెప్తది, 'మంచిగున్నమని రాయి బిడ్డా'. పిల్ల బడిలో నేర్చిన ప్రకారం 'ఇచ్చట మేమందరము క్షేమము, మీ క్షేమము తెలియజేయగలరు' అని రాస్తుంది. అప్పు సంగతి, అత్త కొట్టిన సంగతి రాయాలా వద్దా అన్నది ఆ పిల్లకూ తెలుసు, తల్లికీ తెలుసు. కార్డు దారి పొడుగునా అందరూ చదువుతారు కాబట్టి చాలా మాటలు కార్డు మీదికి రాలేదు. మన ఆడవాళ్ళ ఉత్తరాల్లో క్షేమసమాచారాలే తప్ప మనసు లేదని ఎవరన్నా అంటే, ఆ రాతకు ఎంతమంది సాక్షులు ఉండేవాళ్ళో వాళ్ళకు చెప్పాలి.

పోస్టుకార్డు కోర్టెక్కిన కాలం

1980 ప్రాంతంలో ఉత్తరానికి ఒక కొత్త శక్తి వచ్చింది. జైల్లో తోటి ఖైదీని హింసించారని ఒక ఖైదీ రాసిన ఉత్తరాన్ని సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు రిట్ పిటిషనుగా స్వీకరించింది. 1982లో తీర్పు వచ్చిన ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసు జస్టిస్ భగవతికి పంపిన ఉత్తరంతో మొదలైంది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి చేయించుకునేది కూడా వెట్టిచాకిరేనని ఆ తీర్పు చెప్పింది. ఫరీదాబాదు రాతిక్వారీల వెట్టి కార్మికుల గురించి బంధువా ముక్తి మోర్చా రాసిన ఉత్తరం మీద 1983లో తీర్పు వచ్చింది. వకీలు లేకున్నా, స్టాంపు ఫీజు లేకున్నా, ఒక కార్డు ముక్క దేశపు అత్యున్నత న్యాయస్థానాన్ని కదిలించవచ్చునన్న నమ్మకం అప్పుడు పుట్టింది.

పటాన్‌చెరులో ఆ నమ్మకానికి పరీక్ష జరిగింది. కార్ఖానాల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా పోతున్నాయనీ, పంటలూ పశువులూ పోతున్నాయనీ రైతులు అర్జీలు పెట్టారు. డాక్టర్ కిషన్‌రావు వంటివాళ్ళు ఆ మాటను ఊరూరా తిప్పారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 2001లో అక్కడినుంచి హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునలుకు పోయింది. ట్రిబ్యునలు తీర్పు 2017లో వచ్చింది. మొత్తం 27 ఏళ్ళు. మధ్యలో 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి కర్మాగారం నుంచి వదిలే నీళ్ళను పరీక్షించారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు వచ్చే ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ప్రపంచం ఉలిక్కిపడింది. నీళ్ళు చెడిపోయినయని రైతులు చెప్పింది 'ఫిర్యాదు' అయింది, అదే మాట విదేశీ పత్రికలో వచ్చినంక 'నిజం' అయింది. ఎవరి రాతకు సాక్ష్యం విలువ ఉంటుందన్నది జ్ఞానానికి సంబంధించిన ప్రశ్న, దానిలో కులమూ వర్గమూ ఉన్నాయి.

కాయితం లేని కార్మికుడు

కార్మికునికి కావలసిన మొదటి ఉత్తరం అపాయింట్‌మెంటు లెటరు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి వలస కార్మికునికీ ఫోటోతో పాసుబుక్కు ఇవ్వాలని, అది అతని భాషలో కూడా ఉండాలని చెప్పింది. కంట్రాక్టరు కింద పని చేసేవాళ్ళను అడిగి చూడండి, ఎక్కువమంది దగ్గర ఉండేది గేటుపాసు ఒక్కటే. పని మానేసిన రోజు దాన్ని కూడా తీసుకుంటారు. నీవు ఇక్కడ పదేళ్ళు చేసినవని చెప్పే కాయితం నీ దగ్గర ఉండదు, వాళ్ళ రిజిస్టరులో ఉందో లేదో నీకు తెలియదు. వెట్టి కాలపు విభజనే ఇది, చావడికి బదులు ఫ్యాక్టరీ వచ్చింది.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. అందులో చాలామంది వలస కార్మికులు. గుర్తుపట్టటానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యవలసి వచ్చింది, ఎనిమిదిమంది ఆనవాళ్ళే దొరకలేదు. మనిషి దేహం కూడా మిగలని చోట అతను ఆ రోజు ఆ షెడ్డులో ఉన్నాడని చెప్పేది కాయితమే. ఇది ఒక్క కంపెనీకి సంబంధించిన మాట కాదు. మొత్తం పారిశ్రామికవాడలో ప్రతి షిఫ్టుకూ సంబంధించిన మాట. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి కార్మికునికీ నియామకపత్రం ఇవ్వాలంటున్నాయి. ఆ కోడ్‌లలో మిగతా విషయాల మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు ఉండనే ఉన్నాయి. ఈ ఒక్క నిబంధనను మాత్రం మనం గట్టిగా పట్టుకోవాలి. పాత చట్టంలోని పాసుబుక్కు గతి దీనికి పట్టకుండా చూడటం మన పని.

రెండు ఉత్తరాల వేగం

పటాన్‌చెరు నుంచి అదే రోడ్డు మీద లింగంపల్లి దాటి పోతే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం. 2015 ఆగస్టు 17న అప్పటి కేంద్ర మంత్రి బండారు దత్తాత్రేయ అక్కడి విద్యార్థి రాజకీయాల మీద మానవ వనరుల మంత్రి స్మృతి ఇరానీకి ఉత్తరం రాశారు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మంత్రిత్వశాఖ నుంచి విశ్వవిద్యాలయానికి ఒకదాని వెనక ఒకటి ఉత్తరాలు వచ్చాయి. డిసెంబరులో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టలు నుంచి సస్పెండ్ చేశారు. డిసెంబరు 18న వాళ్ళలో ఒకరైన రోహిత్ వేముల వైస్ ఛాన్సలరుకు ఉత్తరం రాశాడు. వెలి అట్లాగే కొనసాగింది. 2016 జనవరి 17న రోహిత్ మరణించాడు. సస్పెన్షను ఎత్తివేసింది ఆ తర్వాతే.

అతని చివరి ఉత్తరాన్ని దేశమంతా చదివింది, ఎన్నో భాషల్లోకి అనువదించింది. అది చదవవలసిందే. కానీ దాన్ని సాహిత్యంగా మెచ్చుకుని ఊరుకునేవాళ్ళు డిసెంబరు 18 ఉత్తరాన్ని కూడా చదవాలి. ఒక మంత్రి ఉత్తరానికి రిమైండర్లు ఉన్నాయి, ఫైలు నంబరు ఉంది, జవాబు ఇవ్వక తప్పని స్థితి ఉంది. ఒక దళిత విద్యార్థి ఉత్తరానికి అవేవీ లేవు. బతికున్నప్పుడు రాసింది కదిలించని వ్యవస్థలో చనిపోయేముందు రాసింది మాత్రమే చదువరులను సంపాదించుకోవటం మనందరికీ సిగ్గుచేటు. మన పిల్లల ఉత్తరాలను వాళ్ళు బతికుండగా చదివే మనుషులుగా ఉండటం ఉపాధ్యాయులుగా, సంఘాలుగా మన మొదటి బాధ్యత.

ఇక ఏం చెయ్యాలి

తంతి 2013 జులైలో ఆగిపోయింది. రిజిస్టరు పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇండ్లల్లో ఉత్తరాలు లేవు, వాయిస్ మెసేజీలున్నాయి. అక్షరం రాని తల్లి ఎవరి సాయమూ లేకుండా కొడుకుతో మాట్లాడుకోగలగటం మామూలు మార్పు కాదు, దాన్ని మనం సంతోషంగా ఒప్పుకోవాలి. కానీ ఫోను పగిలితే ఆ మాట పోతుంది. కచ్చేరి, కోర్టు, కంపెనీ మాత్రం ఇంకా కాయితాన్నే అడుగుతున్నాయి. అందుకని కొన్ని సూచనలు.

అర్జీ ఏదైనా రెండు నకళ్ళు తియ్యండి. ఒకదాని మీద 'ముట్టింది' అన్న ముద్ర, తేదీ, సంతకం తీసుకోండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా, తహశీల్దారుకు ఇచ్చినా ఇదే పద్ధతి. రసీదు లేని అర్జీ ముట్టలేదనటం వాళ్ళకు తేలిక.

నెలలు గడిచినా జవాబు రాకపోతే, 2005 సమాచార హక్కు చట్టం కింద 'ఫలానా తేదీ అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు' అని తెల్లకాయితం మీద అడగండి. ఫీజు 10 రూపాయలకు మించదు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అది కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాయటం రానివాళ్ళు నోటితో చెప్తే అధికారే రాసిపెట్టాలని ఆ చట్టంలోనే ఉంది.

అత్యాచారాల నిరోధక చట్టం, 1989కి 2015లో చేసిన సవరణ ప్రకారం, బాధితులు నోటితో చెప్పింది పోలీసు అధికారి రాసుకుంటే సంతకానికి ముందు దాన్ని చదివి వినిపించాలి, నకలు వెంటనే ఇవ్వాలి. బుద్ధిపూర్వకంగా అట్లా చెయ్యకపోతే అది శిక్షపడే నేరం. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత సాధించుకున్న చట్టమూ హక్కులూ ఇవి. సంఘాలు ఈ నిబంధనను గోడ మీద రాయించాలి.

చివరగా ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఒక పని. మన ఇండ్లల్లో దూలానికి వేలాడే ఇనుపతీగకు గుచ్చిన ఉత్తరాలు చాలావరకు చెదలు తినిపోయాయి. చావు కబురు ఇంట్లో ఉంచరాదని చింపేసినవి కొన్ని, ఇల్లు మారినప్పుడు పారేసినవి కొన్ని. మిగిలినవి ఇంకా రేకు పెట్టెల్లో ఉన్నాయి - మనియార్డరు తుంపులు, గేటుపాసులు, భూమి నోటీసులు, హాస్టలు నుంచి పిల్లలు రాసిన కార్డులు. ఇంటివాళ్ళ అనుమతితో వాటిని ఫోటో తీయండి. ఎవరు ఎవరికి, ఏ ఊరి నుంచి, ఎప్పుడు రాశారో, ఎవరి చేత రాయించారో పక్కన రాసిపెట్టండి. ఆడవాళ్ళ ఉత్తరాలైతే ఏది బయటపెట్టాలో నిర్ణయించే హక్కు వాళ్ళదే. అసలు కాయితం ఆ ఇంట్లోనే ఉండాలి.

మన మీద ఇతరులు రాసిన ఫైళ్ళు జిల్లా కచ్చేరిలో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మేము మా పరిశోధనలకు పోయి వెతికేది కూడా అవే. వాటిలో మనం నేరస్తులుగా, బాకీదారులుగా, లబ్ధిదారులుగా కనిపిస్తాం. మనుషులుగా, మన గొంతుతో కనిపించాలంటే మన రేకు పెట్టెలు తెరవాలి. ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక్కో విద్యార్థి ఒక్కో ఇంటి పెట్టె తెరిచినా, వచ్చే ఏడు మనం రాసే చరిత్రకు ఆధారాలు మన దగ్గరే ఉంటాయి.